జాజ్ కచేరీకి తీసుకెళ్తానంటోంది మా అమ్మాయి. పాడేవాళ్ళదా, పియానోదా?

లెగ్ హార్మోనియం (పాలకొల్లు పక్కన) అడిగారు:

అందరికీ నమస్కారం. నాకు 67 ఏళ్ళు. పగలు రైసు మిల్లులో గుమస్తాగిరీ, రాత్రి హార్మోనియం, ఇలా ముప్పై ఏళ్ళు నడిపాను. పాలకొల్లు, ఆచంట, నరసాపురం, గోదారి దాటితే రాజోలు, మలికిపురం. ఎక్కడ తీర్థం జరిగినా, శివరాత్రికి పందిరి వేసినా, పద్యనాటకం ఉందంటే కాళ్ళతో తిత్తి ఆడించే లెగ్ హార్మోనియం వ్యానులో వేసుకుని బయల్దేరేవాణ్ణి. ఇప్పుడు పిలుపులు తగ్గాయి. మోకాళ్ళు మెట్లు దిగనంటున్నాయి, వేళ్ళు మాత్రం హార్మోనియం మెట్లు వదలనంటున్నాయి.

విషయం ఏంటంటే, జూన్‌లో నేనూ మా ఆవిడా అమెరికా వెళ్తున్నాం. అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటారు. మొన్న ఫోన్ చేసి, "నాన్నా, నయాగరా ఎలాగూ చూస్తారు. నీకోసం వేరే ఒకటి అనుకున్నాను. న్యూయార్క్‌లో జాజ్ కచేరీకి తీసుకెళ్తాను. పాడేవాళ్ళది కావాలా, పియానోది కావాలా చెప్పు, పేరున్నవాళ్ళవి ముందే అయిపోతాయి" అంది. వారం రోజులు గడువిచ్చింది. అందులో నాలుగు రోజులు అయిపోయాయి.

జాజ్ అంటే నాకు తెలిసింది రెండే. పాత సినిమాల్లో క్లబ్బు పాట రాగానే వెనక మోగే ట్రంపెట్టు ఒకటి. మా పాలకొల్లు కుర్రాడు రెండోది. మాండలిన్ శ్రీనివాస్ 1969లో ఇక్కడే పుట్టాడు, వాళ్ళ నాన్నగారు క్లారినెట్ వాయించేవారు. 1983లో, పద్నాలుగేళ్ళకే, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు. కీర్తనలు వాయించే కుర్రాణ్ణి జాజ్ వాళ్ళు ఎందుకు పిలిచారో నాకు అప్పట్నుంచీ సందేహమే.

ఇక పియానో. జీవితంలో ఒక్కసారే తాకాను, నరసాపురంలో ఒక పాత బంగళాలో. మెట్టు నొక్కితే ఠంగున మోగి అక్కడితో చచ్చిపోవడం మొదలెట్టింది. హార్మోనియం అలా కాదు కదండీ, తిత్తి ఆడినంతసేపూ స్వరం నిలబడుతుంది. చచ్చిపోయే స్వరాలతో గంటన్నర కచేరీ ఎలా లాక్కొస్తారో చూడాలని ఉంది.

నాలుగేళ్ళ క్రితం హైదరాబాద్‌లో మా అల్లుడు ఒక పియానో కచేరీకి తీసుకెళ్ళాడు. అది జాజ్ కాదు, కాగితం చూసి వాయించేది. ఒక ముక్క అవగానే బాగుందనిపించి "భళా" అని చప్పట్లు కొట్టాను. హాల్లో నేనొక్కణ్ణే. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి, సెల్‌ఫోన్ మోగితే చూసినట్టు చూసింది. కృతి ఇంకా అవలేదట, మధ్యలో విరామమట. అప్పట్నుంచీ చప్పట్లంటే టెన్షన్.

కాబట్టి నా సందేహాలు: పాడేవాళ్ళదా పియానోదా? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? ఎక్కడ కూర్చోవాలి? నాకు చేతులు కనపడాలి, మొహం కనపడకపోయినా పర్లేదు.

కొత్తపేట టు జెర్సీ రాశారు:

బాబాయ్ గారూ, మాది కోనసీమ కొత్తపేట. చిన్నప్పుడు మా తాతయ్య నన్ను భుజాన వేసుకుని నాటకాలకి తీసుకెళ్ళేవాడు. మీ హార్మోనియం వినే ఉంటాను, సగం నిద్రలో అయినా.

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. జాజ్‌లో ఒక్కొక్కరి వంతు అవగానే, పాట ఇంకా నడుస్తుండగానే చప్పట్లు కొడతారు. మొదట ట్యూను ఒకసారి కలిసి వాయిస్తారు. తర్వాత అదే చట్రం మీద పియానో తన ఊహ కొద్దీ అల్లుకుంటూ పోతుంది, ఆ తర్వాత బాస్ (మంద్ర స్వరాల పెద్ద తీగవాద్యం), ఆ తర్వాత డ్రమ్స్. చివర మళ్ళీ అందరూ ట్యూనుకి వచ్చేస్తారు. ఎవరి వంతు అయితే వాళ్ళకి కొట్టాలి. "వన్స్‌మోర్" మాత్రం అనకండి, ఎందుకంటే వాళ్ళు ఇంకోసారి వాయించినా అది అదే కాదు.

పేరున్నవాళ్ళనే వినాలనుకుంటే పెద్ద హాలుకి వెళ్ళాలి. డయానా క్రాల్, హెర్బీ హాంకాక్ లాంటివాళ్ళు ఎక్కువగా వేల సీట్ల థియేటర్లలోనే. అక్కడ పియానో మీకు అగ్గిపెట్టెంత కనపడుతుంది. నా మాట విని క్లబ్బుకి వెళ్ళండి. విలేజ్ వాన్‌గార్డ్ అని సెవెంత్ ఎవెన్యూలో ఉంది, 1935 నాటిది. నేలమాళిగ. నూట ఇరవై చిల్లర మంది పడతారు, అంతే. ఒక బృందం మంగళవారం ఎక్కితే ఆదివారం దాకా వాళ్ళదే. సోమవారాలు మాత్రం అక్కడి సొంత ఆర్కెస్ట్రావి, 1966 నుంచి అంతే. తిండి పెట్టరు, ఒక డ్రింక్ మాత్రం తప్పనిసరి, కూల్‌డ్రింక్ అయినా ఒప్పుకుంటారు. ఫోన్ తీస్తే ఊరుకోరు. ఎడిసన్ నుంచి రైల్లో పెన్ స్టేషన్, అక్కణ్ణుంచి సబ్‌వేలో 14వ వీధి, తర్వాత నాలుగడుగులు.

1961 జూన్ 25 ఆదివారం అక్కడే బిల్ ఎవాన్స్ అనే పియానిస్టు వాయించింది రికార్డు చేశారు. ఆ రికార్డులో గ్లాసుల చప్పుడు, జనం కబుర్లు కూడా వినపడతాయి. పక్కన బాస్ వాయించిన కుర్రాడు స్కాట్ లఫారో పదకొండు రోజులకి కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్ళు. ఇంటికెళ్ళి అది వినండి. బాస్ పియానో వెనక నడవదు, పక్కన నడుస్తుంది.

కాకపోతే ఒక్కటే చిక్కు. నిటారు మెట్లు దిగాలి. మోకాళ్ళు అన్నారు కాబట్టి చెప్తున్నాను. లిఫ్టు కావాలంటే కొలంబస్ సర్కిల్‌లో డిజ్జీస్ క్లబ్ ఉంది, అయిదో అంతస్తు. వాయించేవాళ్ళ వెనక పెద్ద అద్దం, అందులోంచి సెంట్రల్ పార్కు. బ్లూ నోట్ 1981లో పెట్టింది, గ్రీనిచ్ విలేజ్‌లో. పెద్ద పేర్లు వస్తాయి గానీ టేబుళ్ళు మరీ దగ్గర, పక్కవాడి మోచేయి మీ ప్లేటులో ఉంటుంది.

పాడేవాళ్ళలో నా ఓటు సెసిల్ మెక్‌లోరిన్ సాల్వాంట్‌కి. ఆవిడ సలివన్ ఫోర్ట్‌నర్ అనే పియానిస్టుతో దాదాపు అంతా ఇద్దరే కలిసి చేసిన ఆల్బమ్ 2018లో వచ్చింది, మరుసటి ఏడాది గ్రామీ అవార్డు కొట్టింది. డ్రమ్స్ లేవు, బాస్ లేదు. గొంతు, పియానో. అలాంటిది ఎక్కడైనా దొరికితే మీ "పాడేవాళ్ళదా పియానోదా" అన్న ప్రశ్నే ఉండదు.

ఇంకో మాట. 1960లో బెర్లిన్‌లో ఎల్లా ఫిట్జెరాల్డ్ పాట మధ్యలో సాహిత్యం మర్చిపోయింది. ఆపలేదు. "మర్చిపోయాను" అన్న సంగతినే పాటలో కలిపేసి, అప్పటికప్పుడు మాటలు అల్లేసింది. దానికే గ్రామీ వచ్చింది. ఇలాంటివి హాల్లో మీ కళ్ళ ముందు జరిగే అవకాశం ఉంది, అందుకే వెళ్ళమంటున్నాను.

రాత్రి 8 గంటల సెట్ (ఒక విడత కచేరీ) తీసుకోండి. వచ్చిన వారంలోనే వెళ్తే మన ఒంటికి అది తెల్లవారుజాము అయిదున్నర, జాగ్రత్త.

లెగ్ హార్మోనియం రాశారు:

బాబూ, దీర్ఘాయుష్మాన్‌భవ. అయిదున్నర అంటే నాకు భయం లేదు. ఆ టైముకే మా నాటకంలో ఆఖరి పద్యాలు వచ్చేవి.

ఎల్లా గారి సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా కృష్ణుడు ఒకాయన (పేరెందుకులెండి, పోయారు) మూడో పాదం మర్చిపోతే ఠక్కున రాగం ఎత్తుకునేవాడు. జనం ఆహా ఓహో అనేవారు. నాకొక్కడికే తెలుసు అది రాగం కాదు, వెతుకులాట అని. నేను కింద శృతి వదలకుండా, నాలుగో పాదం మొదటి స్వరం రెండుసార్లు తగిలించేవాణ్ణి. అదే ఆయనకి అందింపు. దొరికిందంటే నా వైపు చూడకుండానే కనుబొమ్మ ఎగరేసేవాడు. ఆ కనుబొమ్మే నాకు ఇచ్చిన మెడల్.

అసలు నాకు పాడేవాళ్ళ కన్నా, వాళ్ళ వెనక కూర్చున్నవాళ్ళ మీదే చూపు. ముప్పై ఏళ్ళు అక్కడే కూర్చున్నాను కదా.

ఆచంటలో ఒకసారి నాటకం మొదలయ్యే ముందు వాన పడింది. పందిరి కారింది. పెట్టె మీద దుప్పటి కప్పాను గానీ, లోపల చెక్క ఉబ్బింది. నడిమి స్థాయి ధైవతం ('ధ' స్వరం) మెట్టు నొక్కితే దిగుతుంది, పైకి రాదు, అదే పనిగా మోగుతుంది. గోరుతో పైకి లాగి, కింద అగ్గిపుల్ల దోపాను. ఇక ఆ రాత్రికి ధైవతం లేదు. కృష్ణుడి దగ్గరికి వెళ్ళి, "అయ్యా, ఇవాళ మోహన వద్దు, కల్యాణి వద్దు, ధైవతం లేనివి చూసుకోండి" అన్నాను. ఆయన కిరీటం పెట్టుకుంటూ, "మరి నన్నేం పాడమంటావయ్యా" అన్నాడు. హంసధ్వని, శుద్ధధన్యాసి. ఈ రెంటితోనే తెల్లార్లూ లాగించాం. శుద్ధధన్యాసి అంత పాడటం వినడం నాకు అదే మొదలు, అదే చివర.

ఏదో చెప్పబోయి ఏదో చెప్పాను. పెద్దవాణ్ణి కదా, ఏమనుకోకండి.

ఫిడేలు టీచర్ (కాకినాడ) రాశారు:

నమస్కారమండీ మాస్టారూ. మీరు ఏదో చెప్పబోయి అసలుది చెప్పారు.

ఆ రాత్రి మీరు తెల్లార్లూ వాయించిన శుద్ధధన్యాసి ఉందే, స గ మ ప ని, అందులో సాధారణ గాంధారం (కింది 'గ'), కైశికి నిషాదం (కింది 'ని'), జాజ్‌కి పుట్టిల్లయిన బ్లూస్‌లో పాడేవాళ్ళు నిలబడేది సరిగ్గా ఆ అయిదు స్వరాల మీదే. మధ్యమానికీ పంచమానికీ మధ్యలో ప్రతి మధ్యమం (పై 'మ') ఒకటి దొంగచాటుగా తగిలిస్తారు, అంతే తేడా. తమాషా ఏంటంటే గొంతు సాధారణ గాంధారం పాడుతుంటే, కింద పియానో అంతర గాంధారం (పై 'గ') పట్టుకుని కూర్చుంటుంది. మన దగ్గర అలా వాయిస్తే స్టేజీ దింపేస్తారు. అక్కడ ఆ రెండు గాంధారాల రాపిడే రుచి.

పియానోకి మీ హార్మోనియానికున్న తిప్పలే ఉన్నాయి. గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చడం, పలకదు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని బయటికి పంపింది, మళ్ళీ రానిచ్చేసరికి 1971 అయింది. మా ఫిడేలువాళ్ళం అప్పట్లో ఎంత గర్వపడ్డామో మా గురువుగారు చెప్పేవారు. జాజ్ పియానిస్టులు ఆ లోపాన్ని ఎలా దాటారో చూడండి: పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి నలిపేసి, ఒకటి ముందు వదిలేస్తారు. చెవికి రెండిటి మధ్య స్వరం ఏదో జారినట్టు ఉంటుంది. మీ హార్మోనియం మీద ఈ పూటే ప్రయత్నించండి.

బ్లూస్ చట్రం కూడా చాలా చిన్నది. నాలుగేసి దెబ్బలు ఒక గడి అనుకోండి, మొత్తం పన్నెండు గళ్ళు. మొదటి నాలుగు గళ్ళు షడ్జం మీద. తర్వాత రెండు మధ్యమం మీద, రెండు మళ్ళీ షడ్జం. ఆ తర్వాత పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, షడ్జం రెండు. అయిపోయింది, మళ్ళీ మొదటికి. ఇది ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో శుద్ధధన్యాసి వాయించుకోవడమే. ఎడమ చేతికి తిత్తి ఆడించే పని లేకపోవడం మీ లెగ్ హార్మోనియానికున్న అదృష్టం.

తాళం దగ్గర మాత్రం జాగ్రత్తండి. మనం మొదటి దెబ్బకి బరువిస్తాం. వాళ్ళు రెండుకీ నాలుగుకీ ఇస్తారు. ఒక్కో దెబ్బనీ రెండు ముక్కలు చేసి, మొదటి ముక్క సాగదీసి, రెండోది ఆలస్యంగా, పొట్టిగా పడేస్తారు. స్వింగ్ అనేది దాన్నే. చెప్తే రాదు, కాలికి రావాలి.

శ్రీనివాస్‌ని ఎందుకు పిలిచారన్నారు. ఒక పంక్తి పట్టుకుని, దాన్ని తిప్పి తిప్పి ప్రతిసారీ కొత్తగా తాళంలోకి దించే పిల్లవాడు దొరికితే జాజ్ వాళ్ళు వదలరండీ. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో "రిమెంబర్ శక్తి" బృందంలో ఏళ్ళ తరబడి వాయించాడు కదా. అప్పటికప్పుడు అల్లడాన్ని మనోధర్మం అని మనం పేరు పెట్టుకున్నాం, వాళ్ళకి అదే కచేరీ.

నా సలహా: పియానో. అయితే వెనక ఒక గొంతు ఉంటే కాదనకండి.

గూడెం కుర్రోడు రాశారు:

ఇంత దూరం ఎందుకండీ, ముంబైలో నారిమన్ పాయింట్ దగ్గర ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం వాళ్ళు నవంబర్‌లో జాజ్ ఫెస్టివల్ పెడతారు. మన తాడేపల్లిగూడెంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగడం ముంబైలోనే. నేను రెండుసార్లు వెళ్ళాను. లూయిజ్ బ్యాంక్స్ అని డార్జిలింగ్‌లో పుట్టిన పియానిస్టు ఉన్నారు, ఎనభై దాటినాయన. ఆయన వేళ్ళ గురించి మీరు అమెరికా నుంచి వచ్చాక మాట్లాడుకుందాం. టికెట్ ఎలాగూ అమ్మాయి గారు కొంటున్నారు కాబట్టి ప్రస్తుతానికి వెళ్ళిరండి ఆయ్.

చర్చి కీబోర్డు (నరసాపురం) రాశారు:

అంకుల్, వందనాలు. మీరు చెప్పిన పాత బంగళా నాకు తెలుసనుకుంటా, ఆ పియానోలో ఇప్పుడు ఎలుకలున్నాయి. బౌడెన్, బీర్ దొరలు మిషన్ పెట్టినప్పటి నుంచీ మా ఊళ్ళో పాటకి వాయిద్యం అలవాటే గానీ, పియానోని ఈ ఉప్పు గాలిలో బతికించుకోవడం ఎవరి వల్లా కాలేదు. తీగలు తుప్పు, చెక్క ఉబ్బు.

మీ అగ్గిపుల్ల కథకి జోడీ చెప్తాను. 1975 జనవరి 24న జర్మనీలో కొలోన్ ఒపెరా హౌస్‌లో కీత్ జారెట్ అనే పియానిస్టు కచేరీ. ఏర్పాటు చేసింది టీనేజీ అమ్మాయి. స్టేజీ మీదకి ఒక పియానో బదులు ఇంకోటి తెచ్చారు. పై మెట్లు రేకు డబ్బాలా మోగుతున్నాయి, పెడళ్ళు సరిగా పనిచేయడం లేదు. ఆయన వాయించనన్నాడు. ఆ అమ్మాయి బతిమాలింది. రాత్రి పదకొండున్నరకి, అక్కడి ఒపెరా ముగిశాక ఎక్కి, పై మెట్ల జోలికి పెద్దగా పోకుండా, ఎడమ చేత్తో ఒకే వరస పదేపదే తిప్పుతూ గంటకి పైగా వాయించాడు. సోలో పియానో రికార్డుల్లో ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన వాటిలో అదొకటి. మీకు రికార్డు చేసేవాళ్ళు దొరకలేదు, అదీ తేడా. ఆయనకి 2018లో పక్షవాతం వచ్చింది, ఇప్పుడు కచేరీలు లేవు. కాబట్టి వాయించేవాళ్ళు వాయిస్తుండగానే వినెయ్యాలి.

పాడేవాళ్ళు కావాలంటే సమారా జాయ్ ఎక్కడైనా ఉందేమో చూడమనండి. 1999లో పుట్టిన పిల్ల, 2023లో కొత్త కళాకారుల గ్రామీ తీసుకుంది. వాళ్ళ తాత, నానమ్మ గాస్పెల్ (చర్చి పాటల) బృందం నడిపారు. ఆ గొంతు వింటే చర్చిలో పెరిగిందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సీటు సంగతి ఎవరూ చెప్పలేదు. గ్రాండ్ పియానో మూత జనం వైపు తెరుచుకోవాలి, కాబట్టి వాయించేవాడు స్టేజీకి మీ ఎడమ వైపు కూర్చుంటాడు. మీరూ ఎడమ వైపే కూర్చోండి. కుడివైపు కూర్చుంటే మొహం కనపడుతుంది, చేతులు కనపడవు.

లెగ్ హార్మోనియం రాశారు:

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. రెండు రోజులు కనపడలేదు, ఎందుకంటే పెట్టె మీద గుడ్డ తీశాను.

టీచరమ్మ గారు చెప్పిన పన్నెండు గళ్ళు అరుగు మీద కూర్చుని పట్టాను. మొదటి పూట ఎడమ చెయ్యి తొమ్మిదో గడిలో పంచమానికి వెళ్ళడం మర్చిపోయి షడ్జం మీదే ఉండిపోయింది. రెండో పూటకి కుదిరింది. కుడి చేత్తో శుద్ధధన్యాసి అందుకున్నాను. రెండు గాంధారాలు కలిపి నలిపి, పై దాన్ని ఉంచి కింద దాన్ని వదిలాను. నిజమే టీచరమ్మా, జారింది. ముప్పై ఏళ్ళు ఆ రెండు మెట్లూ పక్కపక్కనే ఉన్నాయి, నాకు తోచలేదు. ఓ ఇరవైసార్లు అదే చేస్తూ కూర్చున్నాను. మా ఆవిడ బియ్యం చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఎవరు పోయారండీ" అంది.

హార్మోనియం మీద ఒక ఇబ్బంది కనిపెట్టాను. స్వరం వదిలేదాకా మోగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ రెండు గాంధారాల రాపిడి మరీ ఎక్కువై పళ్ళు జివ్వుమంటాయి. పియానో అయితే రాపిడి పుట్టగానే తగ్గిపోవడం మొదలెడుతుంది. చచ్చిపోయే స్వరంతో కచేరీ ఎలా అని మొదట అడిగాను చూడండి, అది చచ్చిపోతుంది కాబట్టే వాళ్ళకి ఈ ఆట కుదురుతోందని ఇప్పుడు అనిపిస్తోంది. ఇది నా ఊహ, చూసొచ్చి చెప్తాను.

రాత్రి అమ్మాయికి ఫోన్ చేశాను. గొంతు ఒకటి, పియానో ఒకటి, ఇద్దరే ఉన్న కచేరీ దొరికితే అది. దొరక్కపోతే వాన్‌గార్డ్‌లో పియానో ఉన్న ఏ వారమైనా సరే, మంగళవారం, 8 గంటల సెట్, ఎడమ వైపు సీట్లు. "నాన్నా, నీకిదంతా ఎవరు చెప్పారు" అంది. చెప్పలేదు.

వాళ్ళమ్మ మాత్రం లిఫ్టు ఉన్నచోటికే వెళ్దామంటోంది. అందుకని రోజూ సాయంత్రం డాబా మెట్లు రెండుసార్లు ఎక్కి దిగుతున్నాను. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు కుడి కాలు టంచనుగా పడుతోంది, ఎడమ మోకాలు కొంచెం సాగదీసి ఆలస్యంగా వస్తోంది. టీచరమ్మ గారూ, స్వింగ్ కాలికి రావాలన్నారు, ఇదేనాండీ?